బియ్యపు గింజ మందం

నా చేతులు రెండూ ఇప్పుడు నావి కావు. ఎవరివని అడిగితే పేరు చెప్పలేను. ఆయన పోయి రెండు వేల ఏళ్ళు దాటిందని డాక్టరమ్మ లెక్క. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో తెలియదు. కుడి భుజం నొప్పి మనిషి అని మాత్రం తెలుసు. నా భుజానికి ఏ రోగమూ లేకపోయినా, ఇప్పుడు నా సుత్తి ఆ భుజాన్ని కాపాడుకుంటూనే లేస్తోంది.

నా పేరు రుద్రోజు పేరాచారి. పల్నాడులో నల్లరాతిపాలెం మా ఊరు. తాతల నాటి నుంచి రాతిపని. నందులు, సింహాలు, ఏనుగులు, నాగశిలలు, ఎవరు ఏది అడిగితే అది చెక్కుతాను. దేవుళ్ళకంటే జంతువులే నాకిష్టం. దేవుడికి కొలతలుంటాయి, కిరీటం అంగుళం తగ్గితే నిలదీసేవాళ్ళు పదిమంది ఉంటారు. నంది మెడ కింద గంగడోలుకి ఎన్ని మడతలని అడిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. అక్కడ మన రాజ్యం.

ఇంట్లో మేమిద్దరమే, పిల్లలు లేరు. నేను చెక్కుతాను, మా ఆవిడ ఈశ్వరమ్మ మెరుగు పెడుతుంది. ఉలిపని అయ్యాక నేను రాయి మీద బియ్యపు గింజ మందాన పైపొర వదిలి లేస్తాను. ఆమె ఇసుక చల్లి, నీళ్ళు పోసి, సానరాయితో రోజుల తరబడి రుద్దితే ఆ పొర అరిగి, కింద ఉన్న రూపం బయటికొస్తుంది. ఎక్కువ వదిలితే ఆమె చేతులు పడిపోతాయి. తక్కువ వదిలితే రుద్దే లోపలే ముక్కు అరిగిపోతుంది. అది చెక్కేవాడికీ రుద్దేవాళ్ళకీ మధ్య ఉండే లెక్క, చెబితే రాదు, కలిసి పనిచేస్తే వస్తుంది.

ఐదేళ్ళ కిందట నీటికాసుల జబ్బుతో ఈశ్వరమ్మ చూపు పూర్తిగా పోయింది. పని మాత్రం మానలేదు. పైగా అప్పటినుంచి నా ఉలి గాట్లను వేళ్ళతో చదవడం మొదలుపెట్టింది. "నిన్న నీకు ఒళ్ళు బాగాలేదా? ఈడ దెబ్బ తేలిపోయింది," అనేది. "ఇక్కడ ఎవరితోనో గొడవ పెట్టుకొనొచ్చి కూర్చున్నావు," అనేది. ఒక్కటీ తప్పేది కాదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో మేం నోటితో మాట్లాడుకున్నది తక్కువ. నేను పగలంతా రాయికి చెప్పుకున్నది మర్నాడు ఆమె చదువుకునేది. కళ్ళు పోయాక ఆమెకి నేనంటే ఆ గాట్లే.

పోయిన ఏడాది వేసవిలో మా ఊరి పడమటి మెరకలో ఎత్తిపోతల కాలువ తవ్వుతుంటే జేసీబీ పళ్ళకి ఏదో గట్టిగా తగిలింది. గుండు అనుకుని పక్కకు నెట్టబోతే చెవి కనపడిందట. పురావస్తు వాళ్ళు వచ్చారు, చుట్టూ తాళ్ళు కట్టారు, నెల రోజులు బ్రష్షులతో మట్టి ఊడ్చారు. రాయి ఏ జాతిదో చెప్పమని నాకు కబురు పెడితే, చేతిలో పని ఆపి సణుగుతూనే వెళ్ళాను.

గుంటలో గేదె పడుకుని ఉంది. నిజం గేదె ఎంతుంటుందో అంత. ముందు కాళ్ళు మడిచి, మెడ వెనక్కి తిప్పి, తన కుడి డొక్క వైపు చూస్తోంది. రాక్షసుడు కాదు, వాహనం కాదు, ఎవరి పాదం కిందా లేదు, ఉత్త గేదె. వేలితో మీటితే రాయి కంచుగంటలా మోగింది. అలాంటి రాయి దొరికితే మేం దేవుడికి దాచుకుంటాం. ఈయన తెచ్చి గేదెని చేశాడు.

తిరిగిన మెడ దగ్గర చర్మం మూడు మడతలు పడింది. మూడో మడత పుట్టీ పుట్టనట్టుంది. దాన్ని చూసి నాకు భక్తి కలగలేదు, కడుపు మండింది. నలభై ఏళ్ళుగా మెడలు చెక్కుతున్నాను, నాకు ఆ మూడో మడత ఒక్కసారి కూడా రాలేదు. ఎదుటివాడి పనితనం ఎలా వచ్చిందో తెలిసేదాకా తిండి సయించని జబ్బు మా వృత్తిలో అందరికీ ఉంటుంది. నన్ను ముంచింది ఆ జబ్బే, డాక్టరమ్మ కాదు.

డాక్టర్ జరీనాది గుంటూరు. నలభై దాటి ఉంటాయి. రాళ్ళ లోపలి పగుళ్ళ మీద ఆమె పరిశోధన. గుంట పక్కనే రేకుల షెడ్డు వేయించి, అందులో తన యంత్రాన్ని పెట్టుకుంది.

"ఆచారిగారూ, మీరు ఉలి కొడితే రాయి లోపల ఏం మిగులుతుంది?" అని అడిగింది.

"లోపలేం మిగులుద్దమ్మా. పెచ్చు రాలిపోద్ది, అంతే."

"దెబ్బ మిగులుతుంది," అని తెర మీద చూపించింది. గేదె మెడ లోపల వెంట్రుకకంటే సన్నటి గీతలు కోకొల్లలుగా ఉన్నాయి. "ఎండిన మడిలో నెర్రెలు చూస్తుంటారుగా. ముందు పడ్డ నెర్రె పొడుగ్గా సాగిపోతుంది, తర్వాత పడ్డది దానికి తగిలి అక్కడే ఆగిపోతుంది. రాయిలోనూ అంతే. ఏది దేనికి తగిలి ఆగిందో చూసుకుంటూ పోతే ఏ దెబ్బ ముందో ఏది వెనకో తెలిసిపోతుంది. లోతుని బట్టి బలం, వాలుని బట్టి ఉలి పట్టిన కోణం."

తలా మెడా కలిపి నాలుగు లక్షల పైచిలుకు దెబ్బలు వరసగా లెక్కకి వచ్చాయట. వాటిని మరచేతికి నేర్పితే అది మూడు రాళ్ళు పగలగొట్టి ఊరుకుంది. ఏ రెండు రాళ్ళూ ఒకటి కావు. రాయి ఎదురు తిరిగినప్పుడు సర్దుకోవడం మరకి రాదు.

"అందుకని చెక్కే మనిషి చెయ్యి కావాలి," అంది.

"చేతులు రెండు కావాలమ్మా. ఉలి ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. ఆమె నవ్వింది. నేను ఒప్పుకున్నానని ఇద్దరికీ అర్థమైంది.

మోచేతుల దాకా వచ్చే తొడుగులు రెండు. లోపల సన్నటి తీగలుంటాయి. అవి కండరాలను తాకి కదిలిస్తాయి, చేతులు వాటంతట అవే లేస్తాయి. మోటుపని నేను ముందే చేసిపెట్టిన కొత్తరాయి మీద ఆయన చివరి దశ దెబ్బలన్నీ వరసగా నా చేతుల మీదుగా పడాలి. నేను చేయాల్సిందల్లా అడ్డు రాకపోవడం, రాయి మొరాయించినచోట సర్దుకోవడం.

డాక్టరమ్మ ఒక్క విషయంలో కచ్చితంగా ఉండేది. "రోజుకి నలభై నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువైనా ఒప్పుకోను. తీసేశాక ఇంటికెళ్ళి రెండు గంటలు మీ పని మీరు చేసుకోవాలి. మీ చేతులకి మీ నడక గుర్తుండాలి. ఈ కొత్త నడక గనక గట్టిపడిపోతే పాతది తిరిగి రాదు. నిజంగా చెబుతున్నా."

మొదటి రోజు చెయ్యి లేస్తుంటే నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు మా గురువుగారు నా చెయ్యి పట్టుకుని సుత్తి వేయించినట్టుంది. ఈయన ఏడు దెబ్బలు కొట్టి ఆగేవాడు. ఊపిరి తీసుకోవడానికని డాక్టరమ్మ రాసుకుంది. కాదమ్మా, దుమ్ము ఊదడానికని చెప్పాను. ఆగినప్పుడు ఉలి పక్కకి వాలే తీరు చూస్తే రాతిపనివాడు ఎవడైనా చెబుతాడు. ఆయన పొద్దు వాలేకొద్దీ సుత్తి తక్కువ ఎత్తుకి లేచేది, భుజం నొప్పి సంగతి అలా తెలిసింది. మర్నాటి పొద్దున మళ్ళీ ఎత్తుకి లేచేది. రెండు వేల ఏళ్ళ కిందటి మనిషి ఎప్పుడు అలసిపోయాడో, ఎప్పుడు పడుకుని లేచాడో నా మోచేతికి తెలుస్తుండేది.

ఒక్కటి మాత్రం నాకు నచ్చేది కాదు. నేనైతే లేచి పోయేచోట ఆయన లేవడు. బియ్యపు గింజ మందం మిగిలాక ఇంకా చిన్న ఉలి తీసుకుని ఆవగింజంత దెబ్బలు మొదలుపెడతాడు. వెయ్యి, రెండు వేలు, చర్మం నున్నగా వచ్చేదాకా. మెరుగు పెట్టేవాళ్ళ మీద నమ్మకం లేని పొగరుబోతు అనుకున్నాను. ఇలాంటివాళ్ళు ప్రతి కాలంలోనూ ఉంటారు.

పొగరుబోతయినా ఆ నలభై నిమిషాలు నాకు బాగుండేవి. మిషన్లు వచ్చాక మా ఊళ్ళో ఉలి పట్టేవాళ్ళు ఒక్కొక్కరే మానుకున్నారు. పాకలో నా సుత్తి చప్పుడు నేనే విని పదేళ్ళయింది. షెడ్డులో కూర్చుంటే పక్కన ఇంకో పనివాడు ఉన్నట్టుండేది. మూడో నెలలో మూడో మడత నా చేతుల్లోనే పుట్టింది. అది చెక్కిన మడత కాదు. పక్క రెండింటినీ లోతు చేస్తూ పోతే మధ్యలో దానంతట అది మిగిలిపోయిన మడత. ఇంత చిన్న కిటుకు నలభై ఏళ్ళు నాకు తట్టలేదు. ఆ రోజు ఇంటికి నడిచొస్తూ దారంతా నవ్వుకున్నాను.

"ఈ మధ్య ఏడు దెబ్బలకోసారి ఆగుతున్నావేంది?" అంది ఈశ్వరమ్మ, నేను చెక్కిన నాగశిల తడుముతూ.

"వయసు," అన్నాను.

"వయసు కాదు. ఎవర్నో చూసొచ్చి చేస్తన్నట్టుంది," అని ఊరుకుంది. నేనూ పట్టించుకోలేదు.

మా పనిలో ఒక కట్టడి ఉంది. కన్ను మీద ఉలి పెడితే రెండు కళ్ళూ తెరిచేదాకా లేవకూడదు. మధ్యలో లేస్తే ఆ బొమ్మ చెక్కినవాణ్ణి సగమే చూస్తుందని, సగం చూసినవాణ్ణి మనిషి కింద జమకట్టదని మా గురువుగారు చెప్పేవారు. ఒకసారి ఆయన సింహం కన్ను చెక్కుతుండగా పక్కింటి గడ్డివామి అంటుకుంది. ఊరంతా బిందెలతో పరుగెత్తింది. ఆయన లేవలేదు. "నా కన్నే కాలుతున్నా లేవను, పక్కింటి గడ్డి ఎంత," అన్నారు. మాకు అది నియమం అని కూడా తోచదు, అన్నం తినేముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది. అందుకే ఎవరికీ చెప్పం.

డాక్టరమ్మ కళ్ళ పనిని పది రోజులకి పంచింది. ఆ రోజు కన్ను మొదలవుతుందని నాకు చెప్పాలని ఆమెకి తెలియదు. కన్ను మధ్యలో ఆపరాదని ఆమెకి చెప్పాలని నాకు తోచలేదు. చెవి అయిపోయి ఉలి మారింది. కొత్త ఉలి నేరుగా కుడి కంటి మూల మీద వాలింది.

ఐదు నిమిషాల తర్వాత, "టైం అయింది, ఆపేస్తున్నా," అంది.

"ఆపమాక తల్లీ. కన్ను మొదలైంది."

"రేపు మిగతాది చేద్దామండీ."

"కన్నుకి రేపు లేదమ్మా," అని కట్టడి సంగతి చెప్పాను. చెబుతున్నా నా చేతులు పని చేస్తూనే ఉన్నాయి.

ఆమె వేలు మీట మీదే ఉంది. "ఆచారిగారూ, ఇలాగే పోతే మీ చెయ్యి మీకు రాదు. మొదటి రోజే చెప్పాను మీకు."

"ఆపితే ఈ రాయి ముందు ఇక కూర్చోను."

ఆమె మీట నొక్కలేదు. నేను బెదిరించినందుకు కాదని తర్వాత ఒకరోజు ఆమే ఒప్పుకుంది. తనకీ ఆ కన్ను తెరుచుకోవడం చూడాలనిపించిందట. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదున్నర దాకా కూర్చున్నాను. రెండో కంటి చివరి దెబ్బ పడ్డాక తల ఎత్తితే గేదె నావైపే చూస్తోంది. బతికినన్నాళ్ళలో అంత బాగా ఏదీ చెక్కలేదు. తొడుగులు తీశాక నా వేళ్ళు విప్పడానికి ఇద్దరం కలిసి తంటాలు పడ్డాం.

ఇంటికొచ్చి మజ్జిగ అడిగాను. ఈశ్వరమ్మ గ్లాసు తెచ్చింది. ఒలకకుండా ఎప్పటిలాగే ఆమె మణికట్టు పట్టుకుని గ్లాసు అందుకోబోయాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. మజ్జిగంతా నేలపాలైంది.

"ఎవరు?" అంది.

"నేనే."

"గొంతు నీదే," అని గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అలసట అనుకున్నాను. వారమైంది, రెండు వారాలైంది. రోజుకి పది గంటలు నా పని నేను చేసుకున్నా సుత్తి ఏడు దెబ్బలకే ఆగేది. ముద్ద కలిపినా, తలుపు గడియ తీసినా, నా చేతులు నావి కాని తీరులో తిరిగేవి. పొరుగూరి వాళ్ళకి చిన్న నంది చెయ్యాల్సి ఉంటే అది చెక్కి ఈశ్వరమ్మ ముందు పెట్టాను. ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఇసుక డబ్బా పక్కన పెట్టుకుని, చేతులు కడుక్కుని తడమడం మొదలుపెట్టింది. మూపురం తడిమింది, వెన్ను తడిమింది, కాళ్ళ సందుల్లో వేళ్ళు పోనిచ్చింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"మెరుగు ఎవరు పెట్టారు?" అంది.

"ఎవరూ పెట్టలా. ఉలితోనే అట్టా వచ్చింది."

"మరి నాకేది?"

ఆపాలని చూశాను, నిజం. బియ్యపు గింజ మందం దగ్గర చేతుల్ని ఆపాలని చూస్తే అవి చిన్న ఉలి వెతుక్కున్నాయి. ఆమె సానరాయిని పొడిగానే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత, "ఆ గేదె కాడికి నన్ను తీసకపో. ఆయనెవరో చూస్తా," అంది.

మర్నాడు ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ఆమెకి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది, ఏదో చెప్పబోయింది. "తర్వాత మాట్లాడదాంలే అమ్మా," అని ఈశ్వరమ్మ నేరుగా పాత గేదె దగ్గరికి నడిపించమంది.

అరగంట తడిమింది. కొమ్ముల మొదళ్ళు, చెవుల లోపల, దవడ కింద, మెడ మీద మూడు మడతలు. మూడో మడత దగ్గర ఆమె వేలు ఆగింది, నేను అనుకున్న చోటే. అప్పుడు నాకు ఒక పిచ్చి ఆశ కలిగింది, ఆమె మెచ్చుకుంటుందని.

"ఈ చెయ్యే మనింట్లో తిరుగుతుంది," అంది. ఇంకాసేపు తడిమి, "దీనికి మెరుగు పెట్టలేదమ్మా," అంది డాక్టరమ్మతో.

"పెట్టారండీ. ఇంత నునుపు ఉలితో రాదని మా వాళ్ళందరూ అంటున్నారు."

"వాళ్ళు ఎప్పుడన్నా రాయి రుద్దారా? రుద్దితే గుండ్రంగా పోద్ది చెయ్యి, ఆ సుడి తెలుస్తది. ఇక్కడ సుడి లేదు. అంతా ఉలి మొనే. వేలిగోరుతో చూడు."

డాక్టరమ్మ గోరుతో చూసింది. భూతద్దం తెచ్చి చూసింది. ఆమె మొహం మారింది. నాలుగు లక్షల దెబ్బలు లెక్కపెట్టిన మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు.

"పొగరుబోతులే. ఎవరికీ ఇవ్వకుండా తనే చేసుకున్నాడు," అన్నాను నేను.

"పొగరు కాదయ్యా," అంది ఈశ్వరమ్మ. "మెరుగు పెట్టే మడిసి ఇంట్లో ఉంటే ఇంత చాకిరీ ఎవరూ చెయ్యరు. ఒక్క చెవి వెనక ఎన్ని దెబ్బలున్నయ్యో చూడు. నాకిస్తే రెండు రోజుల పని. ఆయన నెల కూర్చున్నాడు. ఎవరూ లేరు ఆయనకి."

డాక్టరమ్మ వెళ్ళి యంత్రం ముందు కూర్చుంది. దెబ్బల వాలును బట్టి చెక్కేవాడు ఎక్కడ కూర్చున్నాడో ఆమె ఎప్పుడో లెక్కకట్టింది, దానివల్ల ఏం తెలుస్తుందో మాత్రం ఆలోచించలేదు. మెడ, తల, రెండు కళ్ళు చెక్కినంతకాలం ఆయన ఒకేచోట కూర్చున్నాడు, గేదె కుడి డొక్క పక్కన. గేదె తల తిప్పి చూస్తున్నది ఆ చోటునే. చెక్కడానికి నేను కూర్చున్నదీ అక్కడే. ఇంట్లో తనవైపు తల తిప్పేవాళ్ళు లేక మంచి రాయి తెచ్చి ఒక గేదెని తిప్పుకున్నాడు ఆయన. అది తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలి కొంత. నా భార్య ఉన్న ఇంట్లోకి అలాంటి చేతుల్ని తెచ్చుకున్నానే అని భయం ఎక్కువ.

డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. నేను గతంలో చెక్కిన నందుల్లో నా దెబ్బలు ఉంటాయి. వాటిని చదివి, తొడుగుల ద్వారా నాకే తిరిగి ఎక్కించవచ్చు. "కానీ మళ్ళీ ఆరేడు గంటలు ఏకబిగిన పెట్టాలి. రెండూ కలిసిపోయి అసలు పట్టే లేకుండా పోయే ప్రమాదం సగానికి సగం ఉంది. మీకు అబద్ధం చెప్పలేను," అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను సరే అనేలోపే ఈశ్వరమ్మ, "వద్దు," అంది. "ఒకసారి తొడిగినందుకు నా మొగుణ్ణి పోగొట్టుకున్నా. రెండోసారి తొడిగి ఆ చేతులు కూడా పోగొట్టుకోనా? నాకు ముద్ద కలిపి పెట్టేదానికన్నా ఉండనీ."

డాక్టరమ్మ ఆ తొడుగుల్ని మళ్ళీ ఎవరికీ వేయలేదు. పై నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చినా కొత్త మనిషికి వేయనని రాసి పంపిందట. మెరుగు లేదన్న సంగతి ఈశ్వరమ్మ కనిపెట్టిందని తన నివేదికలో పేరుతో సహా రాసింది. ఈశ్వరమ్మ అది చదివించుకుని విని, "సరేలే," అంది.

తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. పని బాగా వచ్చింది. ఇంతకుముందెన్నడూ ఇంత బాగా రాలేదు. చూసినవాళ్ళు పేరాచారి చేతికి ఈ వయసులో కొత్త కళ వచ్చిందన్నారు. పనయ్యాక ప్రతి రాయినీ ఈశ్వరమ్మ ముందు పెట్టేవాణ్ణి. ఆమె ఒక్కసారి తడిమి, ఎవరో పెద్దమనిషి ఇంటికొస్తే లేచి పక్కకి తప్పుకున్నట్టు తప్పుకునేది. ఒళ్ళు బాగాలేదా అని అడగడం మానేసింది. నాకు జ్వరమొచ్చినా ఆమెకి తెలిసేది కాదు, నా దెబ్బల్లో ఆయన భుజం నొప్పి తప్ప ఇంకేం లేదు. నేను నోటితో చెప్పాలని చూశాను. ముప్పై రెండేళ్ళు నోటితో చెప్పనివాడికి ఒక్కసారిగా మాటలెక్కడినుంచి వస్తాయి? "ఈ పొద్దు ఎండగా ఉంది," అనేవాణ్ణి. "అవును," అనేది. చేతులు ఖాళీగా పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. ఆమె వేళ్ళ మీద కాయలు మెత్తబడటం నేను చూశాను. ఒకే కప్పు కింద ఉన్నాం, ఆయన ఆ గేదె పక్కన ఎంత ఒంటరిగా కూర్చున్నాడో ఇద్దరం అంత ఒంటరిగా ఉన్నాం.

ఒకనాడు మధ్యాహ్నం ఆమె సానరాయిని కడిగి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టమని నా చేతికిచ్చింది. తీసుకున్నాను. అటక దాకా వెళ్ళి నిచ్చెన వేయలేకపోయాను. దాన్ని పట్టుకునే పాకలోకి వెళ్ళి కూలబడ్డాను.

అక్కడ కూర్చుని నా చేతుల్ని తిట్టాను. ఉలి పట్టే చెయ్యి ఎడమది, సుత్తి వేసే చెయ్యి కుడిది, రెండూ ఆయనవే. ఆయన సుత్తి కుడితో వేశాడు, ఉలి ఎడమతో పట్టాడు. అంతే చేశాడు. ఇంకేమీ చెయ్యలేదు. ఆ ముక్క నా బుర్రకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

ఉలి తీసి కుడి చేత్తో పట్టుకున్నాను. సుత్తి ఎడమ చేతికి మార్చాను. మొదటి దెబ్బ ఉలిని తప్పి నా బొటనవేలి మీద పడింది. రెండోది రాయికి తగిలి జారిపోయింది. మూడో దెబ్బకి పెచ్చు లేచింది, కావాల్సినదానికంటే రెట్టింపు. యాభై ఏడేళ్ళ వయసులో, పేరున్న పనివాణ్ణి, పలక పట్టిన పిల్లాడిలా కూర్చున్నాను. కానీ ఏడో దెబ్బ తర్వాత నా చెయ్యి ఆగలేదు. ఎనిమిదోది పడింది. వంకరగా పడింది, అయినా పడింది.

మా గురువుగారు కొత్తగా చేరినవాళ్ళకి ముందు తాబేలు ఇచ్చేవారు, ఎంత చెడగొట్టినా తాబేలులాగే ఉంటుందని. నేనూ తాబేలే మొదలుపెట్టాను. జానెడు తాబేలుకి పద్దెనిమిది రోజులు పట్టింది. డిప్ప ఒకవైపు కుంగింది. ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. మెడ దగ్గర ఉలి దిగబడి గాడి పడింది. ఎక్కడ ఎంత మందం వదిలానో నాకే తెలియదు, బియ్యపు గింజ కాదు, కందిగింజలు, చింతగింజలు ఉన్నాయి దాని మీద. కళ్ళు ఏకబిగిన తెరిచాను, పొద్దుటినుంచి దీపాలు పెట్టేవేళ దాకా. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

మర్నాడు పొద్దున ఈశ్వరమ్మ ముందు పెట్టాను. ఆమె ఏ ఆశా లేకుండా చెయ్యి చాపింది, అలవాటు చొప్పున. డిప్ప మీద వేళ్ళు ఆగాయి. రెండో చెయ్యి కూడా తెచ్చింది.

"ఎవరిది ఇది?" అంది.

"నాదే."

"నీది కాదు."

"కాదు."

"ఆయనది కూడా కాదు," అంది. కుంగిన వైపు తడిమింది, గాడిలో వేలు పెట్టి చూసింది. నా బొటనవేలి కట్టు సంగతి ఆమెకి చెప్పలేదు. "ఇక్కడ వేలు నలగ్గొట్టుకున్నావు. ఇక్కడ ఏడ్చినట్టున్నావు, దెబ్బ మీద దెబ్బ పడింది. ఇక్కడ విసుగొచ్చి లేచిపోయి మళ్ళీ వచ్చావు." ఆగి, చుట్టూ మళ్ళీ ఒకసారి తడిమింది. "ఇంత వదులుతారా ఎవరన్నా. ఎంత మొద్దు పనివాడైనా ఇంత వదులుతాడా. నెల పడుద్ది నాకు."

"పడితే పడనీ."

"పడితే పడనీ అంట, చేతులు నీయి కాదుగా పడిపోయేది," అని సణిగింది. కుచ్చెళ్ళు దోపుకుని కూర్చుంది. సానరాయి ఎక్కడుందని అడిగింది. పాకలోనే ఉందని చెప్పి తెచ్చిచ్చాను. దాన్ని గుడ్డలోంచి విప్పి, తాబేలు డిప్ప మీద ఇసుక చల్లి, ఆ లావుపాటి గడ్డల మీద అరచేతులు రెండూ ఆనించింది.

"నీళ్ళు పొయ్యి," అంది.